గీత కొట్టిన నంబరు

నేను జర్మన్ పిస్టళ్ళ మీద నంబర్లు చదవడం మొదలుపెట్టింది అమెరికాలో చాండ్లర్ అనే ఊరికి మేం వచ్చిన మూడో ఏడాది. ఈ మాట చెప్పగానే మా చుట్టాలు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూస్తారు. అందుకని మొదటినుంచీ చెప్పడం అలవాటైపోయింది.

హైదరాబాదులో ఉన్నప్పుడు బాలానగర్‌లో ఫ్యాక్టరీలకి అచ్చులూ పనిముట్లూ తయారుచేసే ఒక టూల్‌రూమ్‌లో ఆరేళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. ఇనుప భాగం మీద పంచ్‌తో కొట్టిన నంబరూ కాగితం మీది నంబరూ ఒకటేనా కాదా అని చూడడం నా పనిలో సగం. పంచ్ అంటే కొనమీద ఒక అంకె చెక్కి ఉండే ఉక్కు కడ్డీ. అలాంటి పంచ్‌ల పెట్టెలు మా దగ్గర నాలుగుండేవి. సుత్తి దెబ్బలు తిని తిని ఒక్కో పెట్టెలో ఒక్కో అంకె పాడైపోయింది. ఒకదాంట్లో మూడుకి తోక విరిగింది, ఇంకోదాంట్లో తొమ్మిది కాస్త సొట్టపోయింది. కొత్తలో అవన్నీ నాకు ఒకేలా కనబడేవి. ఏడాది తిరిగేసరికి, నంబరు చూసి ఏ పెట్టెలోదో, ఆ రోజు ఏ షిఫ్టువాళ్ళు కొట్టారో చెప్పగలిగేదాన్ని. ఇదొక విద్య అని అప్పుడు అనుకోలేదు.

మా ఆయనకి ఇక్కడ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఆ వీసాతో ఉద్యోగం చెయ్యకూడదు. మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరాక పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఇల్లంతా నాదే. మొదటి నెల వంటింటి అరలన్నీ సర్దాను. రెండో నెల వాటినే మళ్ళీ సర్దాను. మూడో నెల లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. అరగంట దూరంలో ఒక చిన్న ఊరి మ్యూజియంకి జీతం లేని సహాయకులు కావాలట.

ఆ మ్యూజియంలో పాత పత్తి యంత్రాలూ, గాలిమరా, గనుల్లో వాడిన దీపాలూ ఉండేవి. వెనక ఒక గదినిండా ఆ చుట్టుపక్కల మాజీ సైనికుల కుటుంబాలు ఇచ్చిన రెండో ప్రపంచ యుద్ధకాలపు సామాను. నీకేం వచ్చని మేనేజరమ్మ అడిగితే, ఇనుము మీద నంబర్లు చదవడం వచ్చన్నాను. ఇంకేమీ తట్టలేదు. ఆవిడ నన్ను తిన్నగా వెనక గదికి తీసుకెళ్ళింది.

ఆ గది చూసుకునే ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. జీవితమంతా లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఒక చెవికి మిషను, జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్కేలు. నాది ఏ దేశమో ఆయన అడగలేదు. ఒక ఇత్తడి ముక్క నా చేతిలో పెట్టి, దాని మీదున్న నంబరు పంచ్‌తో కొట్టిందా, చెక్కిందా అని అడిగాడు. పంచ్‌తో కొడితే లోహం పక్కలకి ఒత్తుకుని అంకె చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. చెక్కితే లేవదు. గోరుతో తడిమి, పంచ్ అని చెప్పాను. ప్రతి మంగళవారం రమ్మన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయనకి చెబితే అన్నం ముందు నుంచి లేచి లాప్‌టాప్ తీశాడు. మాలాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఈ దేశంలో తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఆయన ఎక్కడో చదివాడట.

"నువ్వు చూడు, చదువు, నాకేం ప్రాబ్లెం లేదు. చేత్తోని మాత్రం ముట్టకు. రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూల ఎవడన్న అడిగితే ఏం చెప్తం?" అన్నాడు.

నాకూ అదే మంచిదనిపించింది. మర్నాడు ఫోన్ చేసి చెబితే మేనేజరమ్మ వెంటనే ఒప్పుకుంది. అలా మా పద్ధతి కుదిరింది. నూలు తొడుగులు వేసుకుని పెద్దాయన పిస్టల్ పట్టుకుంటాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, బల్లకి బిగించిన భూతద్దంలోంచి చూస్తాను. "కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆపండి" అంటూ ఉంటాను. గుడిలో పూజారిగారి చేత దేవుడి నగలు తిప్పించుకుని చూస్తున్నట్టుండేది.

మా అమ్మాయి సంగతి ఇక్కడే చెప్పాలి. అమ్మానాన్నలు ఏం చేస్తారని క్లాసులో అడిగితే, మా అమ్మ మంగళవారాలు గన్స్ చూస్తుందని చెప్పిందట. ఆ మధ్యాహ్నమే టీచరు ఫోన్ చేసింది. నేను కంగారుగా మ్యూజియం, భూతద్దం, నంబర్లు అంటూ పావుగంట వివరించాను. అంతా విన్నాక ఆవిడ, పిల్లల్ని అక్కడికి ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకురావచ్చా అని అడిగింది. తలా ఒక వంటకం తెచ్చుకునే మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో మాత్రం ఆ వార్త ఇంకో రూపంలో తిరిగింది. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "ఏంటండీ, షూటింగ్ నేర్చుకుంటున్నారంట? సేఫ్టీకా?" అంది మెల్లగా.

పెద్దాయన నాకు నేర్పింది ఎక్కువగా మరమ్మతుల గురించే. ఆ పిస్టళ్ళలో ఒక రకానికి పిడి వాలుగా ఉంటుంది, పైభాగం మోకాలిలా మడుచుకుని లేస్తుంది. ఫ్యాక్టరీలో తయారైనప్పుడు దాని ముఖ్యమైన భాగాలన్నిటి మీదా ఒకే నంబరు కొట్టేవారు. సేకరించేవాళ్ళకి ఆ నంబర్లన్నీ కలవడం ముఖ్యం. ఒక్కటి కలవకపోయినా మొహం ముడుచుకుంటారు. కానీ యుద్ధంలో వాడిన వస్తువు పాడవకుండా ఉండదు కదా. పాడైనదాన్ని జర్మన్ సైన్యం మరమ్మతుల డిపోకి పంపేవారు. అక్కడి పనివాళ్ళు పనికిరాకుండా పోయిన ఇంకో పిస్టల్ నుంచి మంచి భాగం ఊడదీసి దీనికి బిగించేవారు. ఆ భాగం మీది పాత నంబరుకి అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన కొత్త నంబరు కొట్టేవారు. చూసి సరిగ్గా ఉందన్న తనిఖీదారు చిన్న గద్ద ముద్ర వేసేవాడు. చూడ్డానికి అతుకులబొంతలా ఉన్నా అది నిఖార్సైన సైన్యం పనే.

చిక్కల్లా ఏమిటంటే, యుద్ధం అయిపోయాక ఇక్కడ గరాజ్‌లలో కూర్చుని అమ్మకానికి అలాంటి పనే చేసినవాళ్ళూ ఉన్నారు. ఏది డిపోది, ఏది గరాజ్‌ది అని తేల్చడమే మా మంగళవారాల పని. డిపోలోలా నంబరు కొట్టాక వేసిన నల్లపూత అంకెల లోపల ఉందా, అక్కడ లోహం తళతళలాడుతోందా? ఒరలో రాసుకుని అరిగిన అరుగుదల కొత్త నంబరు మీదుగా కూడా పోయిందా, దాని దగ్గర ఆగిపోయిందా? పాత సామాను మీద కొత్త అంకె పదునుగా ఉంటే పెద్దాయన పెదవి విరిచేవాడు. హైదరాబాదులో చిరుగు కనబడకుండా రఫూ చేయించిన పట్టుచీరని మా అమ్మ తిరగేసి చూసినట్టు చూసేవాళ్ళం.

అలా ఏడాది గడిచింది. ఒక మంగళవారం, దాదాపు డెబ్భై ఏళ్ళ ఆవిడ ఒకరు బూట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మాట గట్టిగా, నడక చురుగ్గా ఉంది. డబ్బాలో తువాలు, తువాల్లో పిస్టల్. వాళ్ళ నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్నది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మ్యూజియంకి ఇచ్చేద్దామని తెచ్చానంది, కానీ ఇచ్చేలోపు ఒక విషయం తెలుసుకోవాలంది.

వాళ్ళ నాన్న చెప్పిన కథ ఇది. జర్మనీలో ఒక పల్లెటూళ్ళో, గడ్డి దాచే కొట్టంలో ఒక జర్మన్ అధికారి దాక్కుని ఉన్నాడు. ఈయన ఒక్కడే లోపలికి వెళ్ళాడు. ఆ అధికారి లేచి నిలబడి, పిస్టల్ తిరగేసి పిడి వైపు నుంచి అందించాడు. చిన్నప్పటినుంచీ ఆవిడ వింటూ పెరిగిన కథ. కిందటేడు గన్ షో అనే తుపాకుల సంతలో ఎవరో వ్యాపారికి ఈ పిస్టల్ చూపించిందట. అతను నిమిషం కూడా చూడకుండా బ్యారెల్, అంటే గుండు వెళ్ళే గొట్టం, వేరే పిస్టల్‌ది అన్నాడు. యుద్ధం అయ్యాక ఇక్కడే ఎవడో రెండు కలిపి ఒకటి చేశాడు, మీ నాన్న ఇక్కడే కొనుంటాడు అని తేల్చేశాడు.

"నాకు దీని ధర అక్కర్లేదు. మా నాన్న అబద్ధం చెప్పాడా లేదా అన్నదే కావాలి. ఏడాదిగా అదే మనసులో తొలుస్తోంది" అంది ఆవిడ.

పెద్దాయన పిస్టల్ అందుకుని ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, భూతద్దం కింద పట్టాడు. బ్యారెల్ మీద పాత నంబరుకి అడ్డంగా గీత ఉంది. దాని పక్కన కొత్త నంబరు. అది పిడితో ఉండే ఫ్రేము మీది నంబరుతో కలిసింది. చిన్న గద్ద లాంటి మచ్చ కూడా ఉంది, కానీ బాగా అరిగిపోయింది. అది గద్దో, గీరుడో చెప్పలేం. రెండు వారాలు గడువివ్వమని అడిగాం.

ఆవిడ వెళ్ళాక పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. గరాజ్ పనేనని ఆయన అనుమానం. అంకెల లోపల కూడా నల్లపూత ఉంది కదా అన్నాను. పూత ఎవడైనా పెట్టగలడు, తన చిన్నతనంలో తనే వంటింటి పొయ్యి మీద పెట్టాడు అన్నాడు. అరుగుదల నంబరు మీదుగా పోయింది కదా అంటే, ఎనభై ఏళ్ళలో ఎక్కడైనా అరుగుతుందన్నాడు. 

కానీ ఆ కొత్త నంబరులోని ఎనిమిది నన్ను వదల్లేదు. దాని కింది సున్నా కుడివైపున వెంట్రుకంత తెగి ఉంది. పంచ్ అంచు విరిగితే అలా అవుతుంది. నాకు ఆ ఎనిమిది ఎక్కడో చూసినట్టుంది. ఆ రాత్రి పప్పుకి పోపు పెడుతూ కూడా అదే ఆలోచన. బాలానగర్‌లో చూశానా అని ఒక క్షణం అనుమానం వచ్చి నాకే నవ్వొచ్చింది.

తర్వాతి మంగళవారం మ్యూజియంలో నేను తీసిన పాత ఫొటోలన్నీ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక దొరికింది. గోడ పక్క అద్దాల పెట్టెలో అదే రకం పిస్టల్ ఇంకోటుంది. చాలా ఏళ్ళ కిందట వేరే రాష్ట్రం నుంచి ఒక కుటుంబం పంపింది. దాని మీద కూడా ఒక భాగానికి పాత నంబరు కొట్టేసి కొత్తది వేసి ఉంది. అందులోనూ ఒక ఎనిమిది. కింది సున్నా కుడివైపున, అదే చోట, అదే తెగుడు. ఆ పిస్టల్ మీద గద్ద ముద్ర అరగలేదు, రెక్కలతో సహా కనబడుతోంది.

పెద్దాయన్ని పిలిచాను. రెండు పిస్టళ్ళూ పక్కపక్కన పెట్టి ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. ఒకరికొకరు సంబంధం లేని రెండు కుటుంబాల పిస్టళ్ళ మీద ఒకే విరిగిన పంచ్ పడిందంటే, ఆ రెండూ ఒకే బల్ల మీదికి వెళ్ళాయి. ఆ బల్ల ఇక్కడి గరాజ్‌లో ఉండే వీల్లేదు. రెండో పిస్టల్ సైనికుడు ఇంటికి తెచ్చిన వారంలోనే అతని తల్లి దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసిందని, మళ్ళీ తెరిచింది ఆవిడ పోయాకేనని దాంతో వచ్చిన ఉత్తరంలో రాసుంది.

చిన్న ఇబ్బంది ఒకటుంది. ఆ రెండో పిస్టల్ ముందున్న కార్డు మీద "యుద్ధం తర్వాత మార్చినది" అని ఉంది. అది రాసింది పెద్దాయనే.  ఆయన చెవి మిషను సరిచేసుకుని, పెట్టె తెరిచి, కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"గద్ద కూడా దొంగదనుకుని పన్నెండేళ్ళుగా అబద్ధం రాసిపెట్టాను. ఒక్కడూ అడగలేదు" అన్నాడు.

తర్వాత కాఫీ కలుపుతూ, ఆవిడకి ఫోన్ చేసి మీ నాన్న నిజమే చెప్పాడని చెప్పేద్దామన్నాడు. మనిషి ఉత్సాహంగా ఉన్నాడు. నేను వద్దన్నాను. పిస్టల్ డిపోకి వెళ్ళిందని మనకి తెలిసింది గానీ గడ్డి కొట్టంలో ఏం జరిగిందో తెలియలేదు కదా అన్నాను. అంత పట్టింపెందుకు, ముసలావిడ సంతోషిస్తుంది కదా అన్నాడు. ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నప్పుడు కనబడని దానికి నేనెప్పుడూ సంతకం పెట్టలేదని చెప్పాను. ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, అయితే నన్నే మాట్లాడమన్నాడు.

మూడో మంగళవారం ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. భారీ మనిషి, మాట తక్కువ. నాన్న కథని ఎప్పుడూ వెక్కిరించేది ఇతనేనని ఆవిడ ముందే చెప్పింది. ఇద్దర్నీ కూర్చోబెట్టి రెండు ఎనిమిదుల ఫొటోలూ తెర మీద చూపించాను. యుద్ధం జరుగుతుండగానే జర్మన్ సైన్యం డిపోలో ఈ బ్యారెల్ మార్చారని, గన్ షోలో వ్యాపారి చెప్పింది తప్పని చెప్పాను. అది మీ నాన్న చేతికి ఎలా వచ్చిందో మాత్రం పిస్టల్ చెప్పదన్నాను.

ఆవిడ ఆ రెండో ముక్క విన్నట్టు లేదు. తమ్ముడి వైపు తిరిగి, చూశావా అన్నట్టు చెయ్యి చూపించింది. తమ్ముడు ఫొటో వంకే చూస్తూ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అక్కా, ఇది జర్మనీ నుంచి వచ్చిందనే నేనూ నమ్మాను. కొట్టం సంగతే నమ్మలేదు. నాన్న నాకు వేరే చెప్పాడు" అన్నాడు.

వాళ్ళ నాన్న ఇంటికొచ్చే ఓడలో, పక్క మంచం మీద పడుకునే ఇంకో అమెరికన్ సైనికుడి దగ్గర ఆ పిస్టల్ తీసుకున్నాడట. బదులుగా తన చేతి వాచీ ఇచ్చాడట. ఆ వాచీ వాళ్ళ తాతది. కొడుకు యుద్ధానికి వెళ్తుంటే తాత తన చేతినుంచి తీసి పెట్టాడు. ఇంటికొచ్చాక తాతకి ముఖం చూపించలేక, వాచీ సముద్రంలో పడిపోయిందని చెప్పాడు. తమ్ముడికి పెళ్ళి కుదిరినప్పుడు నాన్న ఒక్కసారి ఈ సంగతి అతనికి చెప్పి, అక్కకి చెప్పొద్దన్నాడు. గడ్డి కొట్టం కథంటే ఆమెకి చిన్నప్పుడు ప్రాణమట. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పమనేదట.

 ఆవిడ ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. నా సీట్లో ఇబ్బందిగా కదిలాను. ఇంత జాగ్రత్తగా చదివి, చివరికి ఆమె దాచుకున్న కథ పోగొట్టానేమో అనిపించింది.

"ఆ వాచీ కోసం మా నానమ్మ ఆయన్ని జీవితాంతం తిట్టింది. సముద్రంలో వాచీ ఎలా పడుతుందిరా, చేతికుండేది అనేది. ఆవిడే కరెక్టు" అంది ఆవిడ నెమ్మదిగా.

అని నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత భుజాలు ఊగిపోయేలా. తమ్ముడూ నవ్వాడు. పెద్దాయనకి చెవి మిషను సగం పనిచేసి సంగతి పూర్తిగా అందలేదు. ఆయనకి మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి చెప్పింది ఆవిడే. చెబుతూ వాచీ దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు లేచి నీళ్ళు తెచ్చిచ్చాడు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది. నువ్వు అడగలేదు, నాన్న వద్దన్నాడు అన్నాడు. ఆ జవాబు ఆవిడకి నచ్చలేదని మొహంలోనే తెలిసింది. అయినా నీళ్ళు తాగింది.

పిస్టల్ మ్యూజియంకి ఇచ్చేశారు. దాని ముందు పెట్టే కార్డు మీద ఏం రాయాలన్న దగ్గర ఇంకో గంట పట్టింది. బ్యారెల్ డిపోలో మార్చారన్న వాక్యంతో ఎవరికీ పేచీ లేదు. వాచీ సంగతి కూడా రాయాలని ఆవిడ పట్టుబట్టింది. ఊరంతా చదువుతారని తమ్ముడు గొణిగాడు. చదవనీ అంది. కూతురికి ఇంకో కథ చెప్పాడన్న ముక్క కూడా రాయమంది. కార్డులో అంత చోటు లేదని పెద్దాయన స్కేలు తీసి కొలిచి మరీ చూపించాడు. చివరికి అక్షరాల సైజు తగ్గించాం.

అయిదు నెలల తర్వాత నాకు పని చేసుకునే పర్మిట్ వచ్చింది. విమానాల బోల్టులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇన్‌స్పెక్షన్‌లోనే చేరాను. మంగళవారాలు పోయి శనివారాలు వచ్చాయి. మ్యూజియంలో నా మంగళవారం కుర్చీలో ఇప్పుడు ఆ బస్సు డ్రైవరమ్మ కూర్చుంటోంది. స్కూళ్ళ నుంచి పిల్లలొస్తే వాళ్ళని తిప్పే బాధ్యత ఆవిడదే. ముప్ఫై మంది పిల్లల్ని ఒక్క చూపుతో వరసలో నిలబెట్టడం మా ఎవరివల్లా కాదు.

మా అమ్మాయి క్లాసు వచ్చినప్పుడు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. ఆవిడ వాళ్ళకి ముందు గడ్డి కొట్టం కథ చెప్పింది. అధికారి పిస్టల్ తిరగేసి ఇచ్చేచోట గొంతు తగ్గించి మరీ చెప్పింది. తర్వాత అదంతా మా నాన్న అల్లిందని, అసలు కథ ఇదీ అని ఓడా, వాచీ సంగతి చెప్పింది. పెద్దాయన వెనక నిలబడి, డిపోలో బ్యారెల్ ఎలా మార్చేవారో పిల్లలు అడిగితే చెప్పాలని ఫొటోలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒక్కరూ అడగలేదు. చేతులెత్తినవాళ్ళందరూ వాచీ గురించే అడిగారు. ఏ రంగు, కీ ఇచ్చేదా, ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

తెలియదంది ఆవిడ. ఎవరింట్లోనో ఉండే ఉంటుంది, ఆ ఇంటివాళ్ళూ తమ తాత దాన్ని జర్మనీ నుంచి తెచ్చాడని కథ చెప్పుకుంటూ ఉంటారు అంది. టీచరు నవ్వింది. పిల్లలకి అంతగా అర్థం కాలేదు. వాళ్ళని గాలిమర దగ్గరికి తీసుకెళ్ళే టైమైంది.